‘కానీ’ అనేవాళ్లు లేక

ఎనభైల మొదట్లో సంగతి. బుద్ధి ఎదగని మా అన్న వీరేశును ఆదోనిలో ఒక ఆశ్రమంలో చేర్చాం. నెల తిరక్కుండానే అమ్మా నేనూ ఎమ్మిగనూరు నుంచి చూడబోతే, చిక్కి సగమై ఉన్నాడు.

“ముద్ద ముట్టడు తల్లీ. ఆకలి ల్యాదేమోనని అన్నం తట్ట తీసేస్తాండాం,” అంది అక్కడి ఆయమ్మ.

అమ్మ అన్నం తెప్పించి అన్న ముందు పెట్టి, “కానీప్పా” అంది. అంతే, ఆబగా తిన్నాడు. మా ఇంట్లో పెద్దవాళ్లు ‘కానీ’ అననిదే ఎవరమూ తినం. ఆ సంగతి వాళ్లు అడగలేదు, చెప్పాలని మాకూ తోచలేదు.

మళ్లీ వెళ్లేసరికి అన్న ఒళ్లు చేశాడు. అందరికీ వడ్డించి ఆయమ్మ తన తట్ట ముందు కూర్చుంది. ఎన్నడూ నోరు విప్పని మా అన్న ఆమె వైపు తిరిగి, “కానీ” అన్నాడు.

తిరుగు బస్సులో అమ్మ హాయిగా నిద్రపోయింది.