చిన్నాయన ‘అవ్’

మా ముత్తాత, తాత బూర్గంపాడు పటేళ్లు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోని వంశం మాది. చిన్నాయన మాత్రం వారమంతా దొరికిందల్లా చదివి, ఆదివారం అరుగు మీద వినిపించేవాడు. తేనె చెడిపోదట, ఏనుగు ఎగిరి దూకలేదట. చదువుతుండగా ఎవరేం అడిగినా తల ఎత్తకుండా ‘అవ్’ అనేవాడు. అది వింటే నాకు ఒళ్లు మండేది.

ఒకనాడు కలప వ్యాపారి వచ్చి, మాకు మిగిలిన ఒక్క మామిడితోటను అడిగాడు.

“తోట నాకిస్తవా, పటేలా?”

“అవ్... ఎరుకేనా, ఆక్టోపస్‌కు మూడు గుండెలుంటయట!”

“చిన్నాయనా, ఆయన అడిగింది తోట!” అని అరిచాను.

చిన్నాయన పుస్తకం మూశాడు. “నోట్లకెళ్లి వచ్చింది గదరా. ఇగ కాదని ఎట్లంట?”

వ్యాపారి నవ్వాడు. “మూడు గుండెలున్నోడు గూడ గింత జల్దీ ఇయ్యడు, పటేలా!”

పటేళ్ల మాట కనుక నేనూ ఒప్పుకున్నాను. తోట అమ్ముడుపోయింది. తాత తవ్వించిన బావి కూడా అందులోనే పోయింది.