నాలుగు మూలల పసుపు

తపస్సు కాలం, అంటే పాస్కా (ఈస్టర్) పండుగకు ముందు నలభై రోజులు, అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ప్రార్థన కాదు, ఉడుకుతున్న పసుపు వాసన. సరిగ్గా ఆ రోజుల్లోనే కోరుట్ల, మెట్‌పల్లి చేలల్లో పసుపు తవ్వి పెద్ద పెద్ద కడాయిల్లో ఉడకబెడతారు. పొద్దున్నే స్కూలుకు నడుస్తుంటే ఆ ఆవిరి రోడ్డు మీదికి జారి వచ్చి మనుషులను నడుము దాకా కప్పేస్తుంది. అందులోంచి పిల్లలు ఒక్కొక్కరే తేలివస్తుంటారు. విభూతి బుధవారం నాడైతే కొందరి నుదుట బూడిద సిలువ, కొందరి నుదుట ఇంట్లో పెట్టిన బొట్టు. ఎవరిది ఏదో చూడకుండా నేను అందరినీ లైన్లో నిలబెట్టి అరుస్తాను. నా గొంతు పెద్దది. కోపం అంతకంటే పెద్దది.

కోరుట్లలో సిస్టర్లు నడిపే ఆ స్కూల్లో నేను తెలుగు టీచర్ని. హాస్టల్లో ఉండి అక్కడే చదువుకున్నాను. మాది సిరిసిల్ల, నేతపని చేసే ఇల్లు. పొద్దున ఇక్కడి అద్దె ఇంట్లో మార్కండేయుడి పటానికి మొక్కి బయలుదేరతాను, స్కూల్లో మరియమ్మ గుహ ముందు ఒక నిమిషం నిలబడతాను. ఆ రెండూ నా లోపల ఎన్నడూ పోట్లాడుకోలేదు. పోట్లాట పెట్టింది నేనే, ఒక్కసారి, నా పాడు బుద్ధితో.

దాని గురించి చెప్పాలంటే ముందు మా సిస్టరమ్మ గురించి చెప్పాలి. ఆమెది కేరళ. నాకు సైన్సు చెప్పింది. ఇప్పుడు పాఠాలు మానేసి స్కూల్లోని ప్రార్థనా మందిరం, చాపెల్, చూసుకుంటుంది. నన్ను ఇప్పటికీ "మోళే" అని పిలుస్తుంది. వాళ్ళ భాషలో బిడ్డా అని. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా అమ్మ పోయింది. కర్మలన్నీ అయిపోయి చుట్టాలందరూ వెళ్ళాక, ఒకరోజు ఆమె బస్సెక్కి వేములవాడ మీదుగా సిరిసిల్లకు మా ఇంటికి వచ్చింది. మగ్గం గుంట పక్కన చాప మీద కూర్చుంది. మా బాపు కాళ్ళు గుంటలో పెట్టుకుని, నేయకుండా, ఎదురుగా కూర్చున్నాడు. వీధిలో సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, ఎప్పటిలాగే టకటకలాడుతున్నాయి. ఆ చప్పుడులో ముగ్గురం పొద్దంతా అట్లాగే ఉన్నాం. మధ్యాహ్నం పక్కింటివాళ్ళు పెట్టిన అన్నం తిన్నాం. సాయంత్రం ఆమె లేచి, "పిల్ల నా దగ్గర ఉంది, మీరు భయపడకండి," అని ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయింది.

ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూసి బాపు అన్నాడు, "పొద్దందాక కూసున్నది. దేవుని ముచ్చట ఒక్కటి చెప్పలే. గామె ఉన్నంతసేపు ఇంట్ల దేవుడు ఉన్నట్టే ఉండె."

విశ్వాసం గురించి ఎన్ని ప్రసంగాలు విన్నా నాకు ఆ రోజే గుర్తొస్తుంది. టీచర్ని కావాలని నేను అనుకున్నదీ ఆ చాప మీదే.

పోయినేడు పాస్కా పండుగకు ముందు చాపెల్‌లో బలిపీఠం మీది గుడ్డ బాగా నలిగిపోయింది. కొత్తది హైదరాబాద్ నుంచి తెప్పిద్దామని మాట్లాడుకుంటున్నారని ఫోన్లో మా బాపుతో ఊరికే అన్నాను.

"సిరిసిల్ల బిడ్డవయి బట్ట కొనిపిస్తవా? సిగ్గుండాలె," అన్నాడు. "సిస్టరమ్మకు చెప్పు, నేను నేస్తనని."

 బాపు చేతి మగ్గం వదిలి ఏళ్ళయింది. తర్వాత సాంచెల మీద పనిచేశాడు, అదీ మానేశాడు. రెండు కళ్ళలో పొర వచ్చింది. జగిత్యాల డాక్టరు ఆపరేషన్ చేయాలన్నా, ఇయ్యాల రేపు అని జరుపుతున్నాడు. ముందు కళ్ళు చూపించుకో, తర్వాత నేద్దువు అంటే వినలేదు. "కండ్లదేముంది, బట్ట అయినంక పోదం. దారాన్ని నా వేళ్ళు చూస్తయి," అన్నాడు. మొండితనం మా ఇంట్లో ఆస్తి. నాకూ సరిపడా పంచి ఇచ్చాడు.

ఆ నెలంతా బాపు తెల్లారి స్నానం చేసి, మగ్గానికి దీపం పెట్టి, ఏమీ తినకుండా నేసేవాడట. మధ్యాహ్నం దిగాకే అన్నం. గుడికి ఇచ్చే బట్ట ఎట్లా నేస్తారో అట్లాగే. ఒక ఆదివారం నేను పోయేసరికి గుంటలో కూర్చుని, కళ్ళు దాదాపు మూసుకుని, వేళ్ళతో పడుగు దారాలు తడుముతూ ఉన్నాడు. కిటికీలోంచి పడ్డ ఎండలో దారపు నూగు లేస్తోంది. అలికిడి విని ఆటపట్టించాడు.

"అంచు వద్దంటివి, రంగు వద్దంటివి. ఇది పంచె గాదు, చీర గాదు. మీ దేవుడు ఏం కట్టుకుంటడు బిడ్డా?"

"కట్టుకోడు బాపు, పరుచుకుంటరు. దాని మీద రొట్టె పెడ్తరు."

"అట్లనా. అన్నం తినే కాడ బట్ట అన్నట్టు. మంచిగనే నెయ్యాలె మరి."

నేసింది తెల్లగా, పలుచగా, మీగడ తరకలాగా వచ్చింది. కొసలు కుట్టించి, పేపర్లో చుట్టి, పండుగ ముందటి పవిత్ర వారం మొదట్లో నాకు ఇచ్చాడు. ఆ బుధవారమే మా తమ్ముడు ఆయనను కంటి ఆపరేషన్‌కు జగిత్యాల తీసుకుపోతాడని, ఆదివారం పండుగ పూజకు ఇద్దరూ నేరుగా కోరుట్ల వస్తారని ఒప్పందం. బస్సులో ఆ పొట్లం ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. కథలాపూర్ దాటాక పసుపు ఆవిరి కిటికీలోంచి లోపలికి వచ్చింది. కళ్ళు మూతలు పడ్డాయి. చిన్నప్పుడు ఇదే దారిలో హాస్టల్‌కు ఏడ్చుకుంటూ వచ్చేదాన్ని. ఇప్పుడు ఒడిలో మా బాపు ఉన్నాడనిపించింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

గురువారం సాయంత్రం పూజ అయ్యాక బలిపీఠం మీద ఉన్నవన్నీ తీసేస్తారు. ఆదివారం దాకా ఆ రాయి బోడిగా ఉంటుంది.  ఆ పని అయ్యాక చాపెల్ పక్క గదిలో నేనూ, పూల అలంకరణ చూసే ఒక టీచరమ్మా కొత్త గుడ్డ విప్పాం. నాలుగు మూలలా రూపాయి బిళ్ళంత పసుపు.

చూడగానే అర్థమైంది. కొత్త బట్ట ఎవరికి ఇచ్చినా మూలకు పసుపు పెట్టి ఇస్తాం. పెట్టకుండా ఇస్తే అశుభం. మామూలుగా ఒక మూలకు చాలు, బాపు దేవుడికని నాలుగింటికీ పెట్టాడు. ఇంట్లో అది ఆడవాళ్ళ పని. అమ్మ లేదు కాబట్టి తానే తడి పసుపులో వేలు ముంచి ఒత్తాడు. ఒక మచ్చలో వేలి గీతలు కూడా కనిపిస్తున్నాయి.

"అయ్యో టీచర్, మరకలు వడ్డయి చూడుండ్రి," అంది ఆ టీచరమ్మ. ఆమె మాటలో ఏ దురుద్దేశమూ లేదు. ఎవరికైనా అట్లాగే అనిపిస్తుంది.

"మా బాపు పెట్టిన పసుపు" అంటే అయిపోయేది. నాలుగు ముక్కలు. తరగతి గదిలో అయిదు నిమిషాలు ఆపకుండా తిట్టగలిగే నేను, ఆ నాలుగు ముక్కలు అనలేకపోయాను. బలిపీఠం మీదికి మా ఇంటి ఆచారం తెచ్చాననుకుంటారేమో, ఫాదర్ ఏమంటారో అని వెయ్యి ఆలోచనలు వచ్చాయి.

"అవును, బస్సుల ఎక్కడనో అంటినట్టున్నది. ఉతికి తెస్త," అన్నాను.

ఇంటికి వచ్చి సబ్బు పెట్టి రుద్దాను. పసుపు ఎర్రబడింది. పసుపులో సున్నం కలిస్తే పారాణి అవుతుందని, సబ్బు తగిలినా అదే గతి అని మా వీధిలో చిన్నపిల్లకు తెలుసు. తొందరలో నాకు తెలియకుండా పోయింది. ఇంకా రుద్దాను. రూపాయి బిళ్ళంత ఉన్నవి అరచేయంత అయ్యాయి, నెత్తురు రంగులో. బకెట్ ముందు కూర్చుని నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పిల్లలతో ఎన్నిసార్లు వల్లె వేయించానో!

శుక్రవారం యేసు సిలువ పాటుల చరిత్ర చదువుతారు. నేనెప్పుడూ వెనక తలుపు దగ్గర నిలబడి వింటాను. చలిమంట దగ్గర శిష్యుడు పేతురును ఒక పనిపిల్ల, నువ్వు ఆయనతో ఉన్నవాడివే కదా అని అడిగితే, ఆయనెవరో నాకు తెలియదంటాడు. ఏళ్ళుగా వింటున్న కథ. ఆ రోజు మాత్రం చెవులు మూసుకోవాలనిపించింది. ఆ పేతురుకు ప్రాణభయమన్నా ఉంది. నాకేముంది? పూలు సర్దే ఒక మంచి మనిషి ముందు మా బాపును ఎరుగనన్నాను.

శనివారం పొద్దున్నే గుడ్డ పట్టుకుని సిస్టరమ్మ దగ్గరికి పోయాను. సిస్టర్లుండే మఠం వంటింట్లో ఒక్కతే గోధుమపిండి జల్లెడ పడుతోంది. అంతా చెప్పాను, అబద్ధం సహా. ఆమె గుడ్డను వెలుగుకు పట్టి మూలలు చూసింది. మరకలు పోవడానికి ఏదైనా మందు చెప్తుందని నేను చూస్తున్నాను.

"ఏడో తరగతిలో పసుపు కాగితం చేయించాను కదా మోళే. సబ్బు వేస్తే ఎరుపు. నిమ్మరసం వేస్తే?"

"మళ్ళ పసుపు," అన్నాను తలొంచుకుని.

"గుర్తుంది కదా. మరి నిమ్మకాయలు కోయి."

"పసుపు పూర్తిగా పోదా సిస్టర్?"

"ఎందుకు పోవాలి?" అంది. ఆమెకు కోపం రావడం నేను రెండు మూడు సార్లే చూసి ఉంటాను, అది ఒకటి. "మీ బాపు రేపు వచ్చి వెతుక్కుంటాడు. తన ప్రార్థన ఎక్కడ పెట్టాడో అక్కడ ఉండొద్దా?"

ఇద్దరం నేల మీద కూర్చుని ఒక్కో మూలా ఒళ్ళో వేసుకుని నిమ్మరసం పిండాం. ఎరుపు మెల్లగా విడిపోయి అడుగు నుంచి పసుపు తేలింది. నేను ఏడుస్తున్నాను, నిమ్మ పులుపు వల్ల కాదు. ఆరేయడానికి పెరట్లోకి పోబోతే ఆపింది. "ఎండలో వద్దు. ఎండ పసుపును తినేస్తుంది." వరండాలో నీడకు కట్టాం. సాయంత్రం దాకా గాలికి అది ఊగుతూనే ఉంది, నేను చూస్తూనే ఉన్నాను. వేలి గీతలు మాత్రం తిరిగి రాలేదు. నాలుగు మూలలా పసుపు మబ్బులు మిగిలాయి.

ఆదివారం పొద్దున టీచరమ్మ పూలకుండీలు తెచ్చి ముందు మూలల మీద పెట్టబోయింది.

"గిటు వద్దు టీచర్, జరుపుండ్రి," అన్నాను.

"మరక కనబడ్తది గదా?"

"మరక కాదు." అంతే అనగలిగాను. ఆమె నన్ను వింతగా చూసి కుండీలు జరిపింది.

కాసేపటికి తమ్ముడి చెయ్యి పట్టుకుని బాపు వచ్చాడు. నల్లద్దాలు, ఉతికిన పంచె. చాపెల్‌లోకి అంతకుముందు ఎన్నడూ రాలేదు. వాకిట్లోనే చెప్పులు విడిచి, గడపకు మొక్కి లోపలికి అడుగు పెట్టాడు. సిస్టరమ్మ ఎదురుపోయి బలిపీఠం దగ్గరికి నడిపించింది.  పసుపు తక్కువైందో, పెద్దదైందో అని నా బాధంతా దాని గురించే. ఆ కళ్ళకు మూల ఎంత కనబడిందో నాకు తెలియదు. ఆయన మూల వైపు చూడనే లేదు. గుడ్డ అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్కసారి నలిపాడు.

"నీళ్ళు తాకినయి," అన్నాడు.

రంగు గురించి అంత పాటుపడ్డాం, గంజి సంగతి మా ఇద్దరికీ తట్టనే లేదు. పడుగుకు గంజి పట్టించి నేసిన బట్ట ఒక్క ఉతుకుకే మెత్తబడుతుంది. నేతగాడి వేళ్ళకు అది దాగదు. సిస్టరమ్మ నా వైపు చూసింది. నా బదులు చెప్పదని తెలుసు. టీచరమ్మ అక్కడే ఉంది. పిల్లలు వరుసగా లోపలికి వస్తున్నారు.

"నేనే ఉతికిన బాపు. నువ్వు పెట్టిన పసుపు తియ్యాలని. మరక అన్న."

"ఎవలన్న ఏమన్నరా?"

"ఎవలేమనలే. నాకే సిగ్గయింది."

బాపు చెయ్యి గుడ్డ మీదే ఉంది.  తర్వాత తలెత్తి గోడ మీది సిలువ వైపు నల్లద్దాలను తిప్పాడు. ఎంత కనబడిందో గానీ చూస్తూ ఉన్నాడు.

"గాయనకు ఒంటి నిండ దెబ్బలేనాయె," అన్నాడు మెల్లగా. "గంజి బట్ట గుచ్చుతది. మంచిగనే ఉతికినవు తియ్ బిడ్డా."

పూజ మొదలవుతోందని గంట కొట్టారు. నేను వెనక తలుపు దగ్గరికి పోలేదు. ముందు వరుసలో, బాపు పక్కన కూర్చుని, పిల్లలందరూ చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చాను.