తడిసిన టీ పొడి

పొద్దున టీ వడగట్టాక జాలీలో మిగిలే పొడికి ఒక వాసన ఉంటుంది. వేడిగా, కాస్త వగరుగా, వానకు తడిసిన ఎండుటాకుల వాసనకు దగ్గరగా ఉంటుంది. మిర్యాలగూడలో మేముండే వీధిలోకి చెత్త బండి వచ్చే వేళకు సరిగ్గా నేను ఆ జాలీ పట్టుకొని వంటింటి గడపలో నిలబడి ఉంటాను. బండి మైకులో ఒక ఆడగొంతు తడి చెత్త వేరుగా, పొడి చెత్త వేరుగా ఇవ్వమని చెబుతూ ఉంటుంది. "ఎంతసేపండీ, బండి వెళ్లిపోతోంది" అని మా ఆవిడ విసుక్కుంటుంది. తడిసిన పొడి తడి చెత్తా, పొడి చెత్తా? జవాబు నాకు తెలుసు. బళ్లో పిల్లలకు చెబుతాను కూడా. అయినా రోజూ ఒక్క క్షణం తికమకపడతాను, ఆ క్షణంలో నాకు సూర్యాపేట బడిలోని ఆయమ్మ గుర్తొస్తుంది.

ఆమె పేరు కమిలి. పెన్‌పహాడ్ దగ్గరి ఒక తండా నుంచి రోజూ షేరింగ్ ఆటోలో వచ్చి మా బడి ఊడ్చేది, కుండల్లో నీళ్లు నింపేది, స్టాఫ్ రూములో టీ కాచేది. యాభై దాటి ఉంటాయి. పిల్లలూ మేమూ అందరం ఆయమ్మ అనే పిలిచేవాళ్లం. నేను తెలుగు పండితుణ్ణి. వ్యాకరణం చదువుకున్నవాణ్ణి, ఒక మాటకు నాలుగు పర్యాయపదాలు చెప్పందే నిద్రపట్టనివాణ్ణి. అలాంటి నాకు ఒక తెలుగు మాట అర్థం తేల్చి చెప్పింది బడి మొహం చూడని ఆమె. ఇది ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

నాది కోదాడ. సూర్యాపేట బడి నా మొదటి ఉద్యోగం. రోజూ బస్సులో వెళ్లి వచ్చేవాణ్ణి. నా మాటలో ఆంధ్ర యాస ఉందని పిల్లలు వెనకాల అనుకరించి నవ్వుకునేవాళ్లు. చేరిన నెలకే బడికి రెండు పెద్ద ప్లాస్టిక్ డబ్బాలు వచ్చాయి, ఒకటి పచ్చది, ఒకటి నీలంది. వాటితోపాటు ఒక కరపత్రం కూడా. చెత్త గురించి చెప్పాల్సింది నిజానికి జీవశాస్త్రం టీచరు. ఆమె ప్రసూతి సెలవులో ఉండడంతో అందరికన్నా చిన్నవాణ్ణని హెచ్చెమ్ గారు ఆ పని నా నెత్తిన పెట్టారు. తెలుగు పండితుడికి చెత్త పని ఏమిటని నాకు ఒళ్లు మండింది. ఆ మంటలో కరపత్రం రెండో పేజీ తిప్పి చూడలేదు. నా తప్పు అక్కడే మొదలైంది.

ఎనిమిదో తరగతిలో బోర్డు మీద రెండు మాటలు రాశాను. తడి, పొడి. "వ్యతిరేక పదాలు" అన్నాను, చాలా తేలిక పాఠం చెబుతున్నవాడిలా. స్రవంతి అనే పిల్ల చెయ్యెత్తింది. అది ఏ పాఠంలోనైనా చెయ్యెత్తే రకం.

"సార్, పొడి అంటే సాక్‌పీసు పొడి గిట్లాంటిదా?"

క్లాసంతా నవ్వింది. ఇంకొకడు అందుకున్నాడు. "కారప్పొడి కూడనా సార్? మరి టీ పొడి? అది తడిసినంక ఏమైతది సార్?"

నేను చిరాకుపడ్డాను. "తడిగా ఉన్నదేదైనా తడి చెత్త, పచ్చ డబ్బా. పొడిగా ఉన్నదేదైనా పొడి చెత్త, నీలం డబ్బా. ఇందులో ఇంత చర్చ ఎందుకు?" అన్నాను. ఆ వాక్యం నాకు ఎంత నచ్చిందంటే, నోటుబుక్కుల్లో రాయించాను కూడా. గుమ్మం దగ్గర చీపురు పట్టుకొని నిలబడి ఆయమ్మ నవ్వుతోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది కానీ కళ్లు దాగలేదు.

"ఏంటాయమ్మా, నవ్వుతున్నావు?"

"ఏం లేదు సారూ. నువ్వు చెప్పుతాంటే ఇన్న."

ఆ సాయంత్రం నేను బస్సుకు బయలుదేరుతుంటే ఆమె నన్ను బడి వెనక్కి రమ్మంది. ప్రహరీ పక్కన ఒక గుంత ఉంది. ఊడ్చిన ఆకులు, మధ్యాహ్న భోజనంలో మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు అన్నీ ఆమె అందులోనే వేసి పైన ఇంత మన్ను కప్పుతుందట. ఎవరూ చెప్పలేదు, తండాలో వాళ్లమ్మ అట్లా చేసేదట. పార తీసుకొని ఒక మూల తవ్వింది. నల్లగా, పొడిపొడిగా మట్టి లేచింది. చెయ్యి పెట్టి పిడికెడు తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. నేను వెనక్కి జరిగాను కానీ కంపు లేదు. వాన మొదలయ్యేటప్పటి నేల వాసన ఉంది. ఇంకాస్త లోతుగా తవ్వితే ఒక బిస్కిట్ ప్యాకెట్టు బయటపడింది. ఎప్పుడు పడిందో ఏమో, మన్ను దులిపితే ఎర్రరంగు కొత్తగా మెరిసింది.

"సూడు సారూ. గదీ, గిదీ ఒక్కనాడే పడ్డయనుకో. ఒకటి మన్నయింది, ఒకటి కాలే. తడి లేదు, పొడి లేదు. మన్నైతదా, కాదా? గంతే అడగాలె."

"మరి టీ పొడి?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

ఆమె గోడవారన ఉన్న నిమ్మమొక్క చూపించింది. మోకాలెత్తు ఉంది, ఆకులు నిగనిగలాడుతున్నాయి. స్టాఫ్ రూములో మేము తాగిన టీల పొడి అంతా దాని మొదట్లోనే ఉంది. "మీ చాయ్ గిదే తాగుతాంది" అంది.

ఆమె మాట సరైనదని నాకు అక్కడే అర్థమైంది. ఎండిపోయినా ఆకు ఆకే, తడిసినా ప్లాస్టిక్కు ప్లాస్టిక్కే. మర్నాడు క్లాసుకు వెళ్లి, నేను చెప్పింది తప్పు, ఆ వాక్యం కొట్టేయండి అంటే సరిపోయేది. చెప్పలేదు. నోటుబుక్కుల్లో రాయించిన వాక్యం కదా! ఊడ్చే ఆమె దిద్దిందని పిల్లలకు తెలిస్తే ఏమనుకుంటారో అనిపించింది. వచ్చే వారం చెబుదాం, పిల్లల చేత ఆ గుంత తవ్వించి మరీ చెబుదాం అని నాకు నేనే వాయిదా వేసుకున్నాను. అలా రెండు వారాలు గడిచాయి. పిల్లలు మాత్రం నా మాట తు.చ. తప్పకుండా పాటిస్తూ వచ్చారు. చాక్‌పీసు పొడి, ఎండిన వేపాకులు, గట్టిపడిన అన్నం మెతుకులు నీలం డబ్బాలోకి వెళ్లాయి. కడిగిన పాల ప్యాకెట్లు పచ్చ డబ్బాలోకి వెళ్లాయి.

చెత్త డబ్బాలు చూడడానికి తనిఖీ బృందం వచ్చిన రోజు పొద్దున్నే పెద్ద వాన కురిసింది. బస్సు ఆగుతూ ఆగుతూ నడిచి, నేను బడికి చేరేసరికి ఆలస్యమైంది. వరండాలో రెండు డబ్బాలూ మూతలు తీసి ఉన్నాయి, చుట్టూ మనుషులున్నారు. పచ్చ డబ్బా నిండా నీళ్లు కారుతున్న చిప్స్ కవర్లు ఉన్నాయి. నీలం డబ్బాలో ఆకులు, అన్నం కనిపించాయి. వచ్చిన అధికారి హెచ్చెమ్ గారి వైపు తిరిగి, "ఇదేనా మీ బళ్లో చెత్త వేరుచేసే పద్ధతి? ఎవరు చూస్తున్నారు ఈ పని?" అన్నాడు.

హెచ్చెమ్ గారు నా వైపు చూశారు. స్రవంతి కూడా చూసింది. దాని చేతిలో నోటుబుక్కు ఉంది, అందులో నా వాక్యం ఉంది. నేను నోరు తెరిచాను. ఏం చెప్పాలో వరుసగా పేర్చుకుంటున్నాను, ఎప్పుడూ అంతే, వాక్యం సరిగ్గా కుదిరితే తప్ప నా నోట్లోంచి మాట రాదు. ఇంతలో వెనక నుంచి ఆయమ్మ గొంతు వినిపించింది.

"నేనే కలిపిన సారూ. సదువు రానిదాన్ని. డబ్బల రంగులు నాకు తెల్వయ్."

అందరూ ఎంత తేలిగ్గా నమ్మేశారో! అధికారి తలూపి కాగితం మీద రాసుకున్నాడు. హెచ్చెమ్ గారి మొహంలో బరువు దిగింది. నా మొహంలోనూ దిగి ఉంటుంది, అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. స్రవంతి ఒక్కటే నోటుబుక్కు మూసి వెనక దాచుకుంది. ఎవరిని కాపాడాలని దాచిందో అడగలేదు.

పది రోజుల తరువాత ఆయమ్మను రావొద్దన్నారు. ఆమె స్థానంలో ఊళ్లోనే ఉండే ఇంకొకామె వచ్చింది. అప్పుడు వెళ్లాను హెచ్చెమ్ గారి గదికి. తప్పు నాది, పిల్లలకు నేనే తప్పుగా నేర్పాను అని చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. అలసిపోయి ఉన్నాడు.

"ఆమె నేనే అన్నది. మీరు నేనే అంటున్నరు. ఇద్దరి మాట ఎట్ల రాయాలె సార్? ఆనాడు వరండల ఎందుకు చెప్పలే మరి?"

గదిలోంచి బయటికి వచ్చేశాను. ఆదివారం పెన్‌పహాడ్ వెళ్లి, అక్కణ్ణించి ఆటోలో తండాకు వెళ్లాను. ఆయమ్మ ఇంటి ముందు మంచం మీద కూర్చొని రవికకు కుట్టుపని చేస్తోంది. పక్కన మూడు నాలుగు పాత డబ్బాలు. ఒక్కో డబ్బాలో ఒక్కో రంగు దారం. పచ్చది ఒకదాంట్లో, నీలంది ఇంకోదాంట్లో. నేను వాటివైపే చూస్తూ ఉండిపోయాను. అద్దం బిళ్ల చుట్టూ నీలం, దాని చుట్టూ పచ్చ, ఎక్కడా ఒక్క పోగు తప్పలేదు.

"రంగులు తెలియవన్నావు కదా ఆయమ్మా?" అన్నాను. క్షమించమని అడుగుదామని వెళ్లినవాణ్ణి, మొదట నోటికొచ్చింది ఈ ప్రశ్న.

"డబ్బల రంగు వేరు, దారం రంగు వేరు సారూ" అంది, సూది మీంచి కళ్లు తిప్పకుండానే.

"నా కోసం అబద్ధం చెప్పావు కదూ? పిల్లలు వేసిందంతా నేను చెప్పినట్టే వేశారు."

ఆమె సూది ఆపింది. "నీ కోసమెందుకు సారూ? వానకు రెండు డబ్బలు కింద పడ్డయ్. నేనే ఎత్తి పోసిన. ఏది దేంట్ల పోసిన్నో నాకే యాది లేదు. అబద్దమెట్లైతది?"

నాకు మతిపోయింది. నేను రాకముందు డబ్బాలు పడిపోయాయని ఎవరూ అనలేదు. పడలేదని కూడా ఎవరూ అనలేదు. నిజంగా పడి ఉంటే తప్పు ఆమెది, లేకుంటే నాది. పడినా నాదే కదా, డబ్బాల్లోకి తప్పుగా వెళ్లింది నా వల్లే కదా? మరి ఆమె నన్ను ఓదార్చడానికి అలా అంటోందా? లేక నేను అనవసరంగా పెద్దరికం నెత్తిన వేసుకొని ఆమె తప్పును కూడా లాక్కుంటున్నానా? అక్కడే అడగబోయాను, ఎలా అడగాలో తెలియలేదు. "నీ పని పోయింది కదా" అని మాత్రం అనగలిగాను.

"పోయింది. మస్తు బాధయింది. రెండు దినాలు బువ్వ తినబుద్ధి కాలే" అంది సూటిగా. "ఇప్పుడు నాట్లకు పోతున్న. నడుము పట్టేస్తాంది, గంతే." సూదికి దారం ఎక్కిస్తూ మళ్లీ తనే అంది. "గదంత తవ్వకు సారూ. మన్నైతది తీయ్."

లేచి వచ్చేస్తుంటే వెనక నుంచి పిలిచింది. మనసులో ఏదో ఉందని, ఇప్పుడు బయటపెడుతుందని ఆగాను. "కొత్తగొచ్చినామెకు చెప్పు సారూ, చాయ్ పొడి పారెయ్యొద్దని. నిమ్మ చెట్టు అలవాటు పడ్డది" అంది.

కొత్తామెకు చెప్పలేదు. బదిలీ అయ్యేదాకా రోజూ నేనే వేశాను. సోమవారం క్లాసులో మాత్రం నా వాక్యం నేనే కొట్టేయించాను. ఎందుకు సార్ అని స్రవంతి అడిగింది. "నేను తప్పు చెప్పాను. ఆయమ్మ సరిగ్గా చెప్పింది" అన్నాను. ఆనాడు వరండాలో అని ఉంటే ఆ ముక్క ఆమెకు పనికొచ్చేది.

ఇప్పుడు మిర్యాలగూడ బళ్లో ప్రతి జూన్‌లో పిల్లలను వెనక్కి తీసుకెళ్లి గుంత తవ్విస్తాను. తలా ఒక వస్తువు పాతిపెట్టి, పక్కన పేరు రాసిన పుల్ల గుచ్చుతారు. అరటి తొక్క, గుడ్డు పెంకు, పెన్ను రీఫిల్లు, జడ రబ్బరు, ఎవరికి తోచింది వాళ్లది. సంక్షేపంగా నా పాఠం ఒకటే ప్రశ్న. మన్నైతదా? కోదాడ యాసలో కాక ఆమె యాసలోనే అడుగుతాను. పిల్లలు నవ్వుతారు. దసరా సెలవుల తరువాత తవ్వి చూస్తాం. కొన్ని కనిపించవు, కొన్ని అట్లాగే ఉంటాయి, సగం మారినవి పట్టుకొని పిల్లలు నా వైపు చూస్తారు. వాటికి నా దగ్గర డబ్బా లేదు.

మొన్న ఒక పిల్లవాడు అడిగాడు, "సార్, మీరేం పాతిపెట్టలేదా?" అని. నవ్వి, వాడి చేతికి పార ఇచ్చాను. ఆయమ్మ మన్నైతది తీయ్ అన్న మాటను నేను ఏటేటా తవ్వి చూస్తూనే ఉన్నాను. ఆ వరండా, నీళ్లు కారే కవర్లు, తెరిచి ఊరకుండిపోయిన నా నోరు, మన్ను దులిపిన ఆ బిస్కిట్ ప్యాకెట్టు లాగా వాటి రంగు కూడా పోలేదు. ఆమె చెప్పింది తప్పు కావడం నేను చూసింది ఈ ఒక్కదాంట్లోనే. చెత్త బండి వీధి మలుపు తిరుగుతోంది, మా ఆవిడ మళ్లీ పిలుస్తోంది. నేను జాలీ తీసుకెళ్లి బాల్కనీలో కుండీలోని నిమ్మమొక్క మొదట్లో బోర్లించి, వేలితో కాస్త మన్ను కప్పి, ఖాళీ జాలీతో గుమ్మం దగ్గరకు వస్తాను.