పుంటికూర నూడుల్స్‌కు వచ్చిన మెప్పు

మన వంటనూ చైనా వంటనూ మొదట కలిపింది ఆబిడ్స్‌లోని ఒక చిన్న రెస్టారెంటేనని, అదీ రెండువేల తర్వాతనేనని ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు. అబద్ధం. ఆ వంట తొంభైలలోనే నాంపల్లి స్టేషన్ దగ్గర ఒక బండి మీద తయారైంది. చేసింది మా చిన్నమ్మ.

పులుపుకు వేసే వెనిగర్ వాసన ఆమెకు పడేది కాదు. పుంటికూరను, అదే గోంగూరను, ఎండుమిర్చి, వెల్లుల్లితో వేయించి, రోట్లో నూరి, ఆ ముద్దను నూడుల్స్‌లో కలిపేది. దానికి పేరేమీ లేదు. కోఠిలో చదువుకునే మేమూ, స్టేషన్ కూలీలూ "జర పుల్లది ఇయ్యి" అని అడిగి తినేవాళ్లం.

మున్సిపాలిటీ వాళ్లు నోటుబుక్కు పట్టుకుని వచ్చి ఏది అడిగినా చిన్నమ్మది ఒకటే జవాబు: "నాకేం తెల్వది సార్, బండి నాది కాదు." ఆ మాటే బండిని ఎన్నోసార్లు కాపాడింది. చివరికి రోడ్డు వెడల్పులో బండి పోయింది. అక్కడ రోజూ తినే ఒకాయన ఆబిడ్స్‌లో రెస్టారెంటు తెరిచి, ఆమెను వంటకు పెట్టుకున్నాడు.

పత్రికలో హోటళ్ల గురించి రాసే విమర్శకుడు వచ్చిన రోజు నేను అక్కడే భోంచేస్తున్నాను. అతను నూడుల్స్ తిని, నోటుబుక్కుతో నేరుగా వంటగది గుమ్మం దగ్గరికి వెళ్లాడు.

"ఈ పులుపు దేనిదమ్మా?"

చిన్నమ్మ చూపు నోటుబుక్కు మీద పడింది. "నాకేం తెల్వది సార్. గా సార్‌నే అడుగుండ్రి."

ఆ సారు, అంటే యజమాని, నవ్వుతూ వచ్చి, బ్యాంకాక్‌లో నేర్చుకున్నానన్నాడు. ఆయన బ్యాంకాక్ వెళ్లింది ఒక్కసారి, చొక్కాలు కొనుక్కురావడానికి.

నేను లేచి గుమ్మం దగ్గరికి పోయాను. "అదేంది చిన్నమ్మా, గట్లా అంటవ్?"

"నువ్వు ఊకో బిడ్డా. రాసుకునేటోళ్లతోని మనకేం పని?"

ఊరుకున్నాను. కాలేజీలో పాఠాలు చెప్పే నోరు ఆ ఒక్కరోజు మూతపడింది. ఆ కోపం నా మీద నాకు ఇంకా ఉంది.

ఆదివారం పత్రికలో వచ్చింది: తూర్పు దేశాల అడవి ఆకుల పులుపట, యజమాని ఊహాశక్తట. తెలుగు ఇంట్లో పుట్టి, పుంటికూర తిని పెరిగినవాడే రాశాడు అది. చదివి వినిపిస్తే చిన్నమ్మ మొదట నవ్వింది. "పుంటికూర అడవిల దొరుకుతదా?" తర్వాత ఆ పేజీ అడిగి తీసుకుని, తన పేరు కోసం పైనుంచి కిందిదాకా వెతికింది.

జనం పెరిగారు. యజమాని ముంబై నుంచి పొడుగు టోపీ వంటవాణ్ణి తెచ్చాడు.

"అక్కా, పెద్దపెద్దోళ్లు వస్తున్రు. నువ్వు లోపల ఉల్లిగడ్డలు చూసుకో."

"నేను జేస్తే పుల్లగ లేదా సార్?"

"పులుపు సంగతి గాదక్కా. చూడనీకె గూడ బాగుండాలె."

పదిహేను రోజులు ఉల్లిగడ్డలు కోసి మానేసింది. ఆ తర్వాత ఇంట్లో ఎవరు అడిగినా "గా హోటల్ల తినుపో" అంటుందే తప్ప మళ్లీ చేయలేదు.

రుచి తెలిసినవాడని ఆ విమర్శకుణ్ణి ఈ ఊరు ఇంకా పొగుడుతోంది. ఆరోజు అతను గుమ్మంలో నిలబడి, పొయ్యి మీద మూకుడునూ, ఆమె చేతిలో గరిటెనూ చూశాడు. వండుతున్న మనిషి తనకేమీ తెలియదంటే అతనెట్లా నమ్మాడు?