ఆగి ఆగి నడిచిన బండి

మొన్న హనుమకొండకు వెళ్తుండగా మా పెద్దబ్బాయి కారు ఉన్నట్టుండి నీరసించి, రెండుమార్లు దగ్గి, నడిరోడ్డున ఆగిపోయింది. మెకానిక్ షెడ్డుకు తోయించుకొని వెళితే, అక్కడి యువకుడు చేతికి నూనె మరకైనా అంటకుండా, అరచేతిలో ఇమిడే యంత్రమొకటి తగిలించి, తెరమీది అక్షరాలు చదివి, దోషమెక్కడుందో క్షణంలో తేల్చాడు. అందరూ సంతోషించారు, నాకు మాత్రం కూర్చున్నచోట కుదురు చిక్కలేదు. ఆగిన ఇంజను ముందు నేను నేటికీ నిలబడలేను. బస్సులు కదలని ఆ రోజులెరిగిన నా ఈడువారికైనా ఆ కారణం చెప్పుకోవాలనిపించింది.

ప్రత్యేక రాష్ట్రం కోసం పల్లె, పట్నం ఏకమై పనులు మానిన కాలమది. తెలుగు పండితుడినైన నేనూ సమ్మెలో ఉన్నవాడినే, పాలకుర్తి చౌరస్తాలో పద్యాలు చదివి గొంతు పోగొట్టుకున్నవాడినే. సరిగ్గా అప్పుడే టేకుమట్లలో మా చెల్లెలి కూతురి పెళ్లి కుదిరింది. తండ్రి లేని పిల్ల. పెళ్లికూతురిని వెదురుగంపలో కూర్చోబెట్టి మండపానికి ఎత్తుకొచ్చేది మేనమామ. ఆ పిల్లకున్న మేనమామను నేనొక్కడినే. చిన్ననాడు నా వీపెక్కి ఆడుకుంటూనే, పెళ్లినాడు గంప నువ్వే ఎత్తాలని నా చేత ఒట్టు వేయించుకున్నది. లగ్నం పగలు పదకొండు గంటలకు.

బస్సు లేనందున పక్క తండాలోని నా పూర్వవిద్యార్థిని ఆశ్రయించాను. ధాన్యమూ పత్తీ మోసే పాత పికప్పు బండి అతనిది. ఇంట్లో తమ భాష, బడిలో నా గ్రాంథికం, ఈ రెంటి నడుమ నలిగి పదవ తరగతి దాటలేకపోయాడు గాని, ఛందస్సు తప్పితే నా చెవికి తెలిసినట్టు ఇంజను తప్పితే అతని చెవికి తెలిసేది. బంకులు మూసి ఉన్నాయని దాచుకున్న డీజిల్‌ను డబ్బాతో తెచ్చాడు. తెల్లవారి అతడు మా అరుగుమీద చాయ తాగుతుండగా నేను దాన్ని వెలుతురుకు పెట్టి చూస్తే, అన్నీ నలుసులే. నీళ్లయినా వడకట్టనిదే తాగని ఇల్లు మాది. ఆ ఏటి తొలి పత్తి ఇంట్లోనే రాశిగా ఉంది. గింజ తీసిన దూదిని గుప్పెడు గరాటు గొంతులో కూరి, డబ్బా మొత్తం ట్యాంకులోకి వడపోసి, శుభకార్యానికి శుద్ధమైన చమురు పోశానన్న తృప్తితో ముందు సీటులో కూర్చున్నాను. ఈ సంగతి అతనికి చెప్పవలసిందని కూడా తోచలేదు.

వరంగల్ దాటి పరకాల వరకు బండి బాగానే నడిచింది. ఆ ఊరు దాటిన తరువాత చిన్న మిట్ట ఎక్కుతూ మూలిగి, వేగం తగ్గి, ఆగిపోయింది. గాలి అందడం లేదేమోనని అతడు గాలివడపోత డబ్బా విప్పి దుమ్ము దులిపాడు. బండి హుషారుగా కదిలి, రెండు మైళ్లు పోకముందే మళ్లీ ఊపిరి బిగబట్టినట్టు ఆగింది. ఈసారి డీజిల్ ఫిల్టరులో చేరిన నీళ్లు వదిలి, చేతిపంపు నొక్కి గొట్టాల్లోని గాలి తీశాడు. మళ్లీ రెండు మైళ్లు. మళ్లీ అదే. నేను దిగుతూ, ఎక్కుతూ, గడియారం చూస్తూ, కండువా మడతపెడుతూ, విప్పుతూ నిలువలేకపోయాను. చివరకు, వ్యాకరణం అంటనివాడికి ఈ విద్య మాత్రం ఏం అంటుందని ఒక మాట తూలాను. అతడు తల ఎత్తలేదు.

"జర ఓపిక పట్టుండ్రి సారు" అన్నాడు, అంతే.

మొగుళ్లపల్లి దగ్గర రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి ఆడవాళ్లు వంట చేస్తున్నారు. ఆనాటి ఉద్యమంలో అదొక పద్ధతి. గరిటె పట్టుకొని ఒక పెద్దావిడ అడ్డం వచ్చింది.

"ఏంది సారూ, బంద్ నాడు బండేసుకొని యాడికి?"

మేనకోడలి పెళ్లికనీ, గంప ఎత్తవలసింది నేనేననీ చెప్పగానే, "మేనమామనా! తొవ్వ ఇడువుండ్రే!" అని కేక వేసి తానే పొయ్యి రాళ్లు జరిపించింది. దారి దొరికింది, బండి మాత్రం అక్కడే ప్రాణం విడిచింది.

"అగో, మనకన్న గట్టిగ గీ బండే సమ్మె చేస్తున్నది!" అని ఒకామె అనేసరికి నవ్వులే నవ్వులు. ఆ నవ్వులతోనే పదిమంది చేయి వేసి, మమ్మల్ని ఊరి చివరిదాకా తోశారు.

అప్పుడే ఫోను మోగింది. పెళ్లికూతురే. "మామా, ఏడిదాంక వచ్చిన్రు?" అన్నది మెల్లగా, ఎవరూ వినకుండా మాట్లాడుతున్నట్టు. వచ్చేసినట్టేనన్నాను. అప్పటికి పదిన్నర.

అతడు ఇక ఏమీ విప్పలేదు. చక్రం పక్కన గొంతుకూర్చొని కొంతసేపు ఊరికే ఆలోచించాడు.

"గుంజినప్పుడు అందుతలేదు, ఆగినంక అందుతున్నది. ట్యాంకుల ఏదో గొట్టం మూతికి అడ్డం పడుతున్నది సారు. ఇంజన్ బంద్ కాంగనే పక్కకు జరుగుతున్నది."

సీటు కింది తీగను కొక్కెంలా వంచి, ట్యాంకులోకి దించి, ఓపికగా కెలికాడు. అర్ధగంటకు పైగా పట్టింది. చివరకు కొక్కేనికి చిక్కి, గరాటు గొంతులోంచి జారి, తడిసి బరువెక్కిన దూది ఉండ బయటికి వచ్చింది. అతడు దాన్ని చూశాడు. పొద్దుటి పత్తి పోగులు ఇంకా అంటుకొని ఉన్న నా కండువాను చూశాడు. ఉండను తుప్పల్లోకి విసిరి, చేతులు తుడుచుకొని, "కూసోండ్రి సారు" అన్నాడు. ఆ తరువాత బండి ఒక్కసారీ ఆగలేదు.

మేము చేరేసరికి తలంబ్రాలు కూడా అయిపోయాయి. పసుపు రాసిన వెదురుగంప గోడవార ఖాళీగా ఉంది. దూరపు బంధువొకరు ఎత్తబోతే, మా మామ ఎత్తని గంప నాకెందుకు, నాకు కాళ్లున్నయని పిల్ల నడిచే మండపానికి వచ్చిందట. బంధువులంతా నన్ను విడిచి బండి నడిపినవాడి మీద పడ్డారు. లగ్నం నాడే దొరికిందా నీ డొక్కు బండి అని మా చెల్లెలి అత్తగారు శాపనార్థాలు పెట్టింది.

"తప్పు నాదే అవ్వా, కచర డీజిల్ పోసిన" అన్నాడతడు తల వంచుకొని.

జీవితమంతా మాటలతోనే బతికిన నేను కండువాకంటిన పత్తి పోగులు ఏరుకుంటూ నిలబడ్డాను. అతడు చివరి పంక్తిలో తిని వెళ్లిపోయాడు.

రాష్ట్రం వచ్చింది. జిల్లాలు విడిపోయి పాలకుర్తి ఒక జిల్లాకు, టేకుమట్ల మరొక జిల్లాకు పోయాయి. ఆ తరువాత కొన్నేళ్లు అతడెక్కడ ఎదురుపడినా, చుట్టూ ఎవరూ లేకుంటేనే, "సారూ, డీజిల్ వడకట్టిన్రా?" అని గొంతు తగ్గించి అడిగి నవ్వేవాడు. అంతకు మించి ఏనాడూ నన్ను నిష్ఠూరమాడలేదు. పిమ్మట బతుకుదెరువుకు పూణే వైపు వెళ్లాడని విన్నాను.

మొన్న షెడ్డు నుంచి ఇంటికి రాగానే మేనకోడలికి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. పకపకా నవ్వింది: "డీజిల్‌కు గూడ మడి కట్టినవా మామా!" నవ్వి నవ్వి, చటుక్కున ఆగి, "మరి గా అన్నను ఇన్నేండ్లు ఉత్తగనే తిడితిమి గద" అన్నది.

అతని పాత నంబరు నా డైరీలో ఉంది. తీసి కలిపాను. ఎవరో హిందీలో పలికి, ఎవరు కావాలని అడిగారు. పేరు చెప్పాను. అట్లాంటివారు ఇక్కడెవరూ లేరన్నారు.