రాక్షసికి నేర్పిన దయ

మొన్న ఆదివారం కొంపల్లిలో మా ఇంట్లో, మా అమ్మాయి పక్కన కూర్చుని కాఫీ తాగుతున్నాను. తన ఫోనులో ఒక వీరుడు ఏదో పాముతో తలపడుతున్నాడు. పాము విషం చిమ్మితే వాడి మొహం ఆకుపచ్చగా మారింది. తేరుకునేలోపు మళ్ళీ చిమ్మింది, మళ్ళీ ఎక్కింది. మూడోసారి అది నోరు తెరుస్తుంటే నాకు తెలియకుండానే, ఈసారి ఎక్కదులే అనేశాను. ఎక్కలేదు. మా అమ్మాయి నన్ను జాతకాలు చెప్పేవాళ్ళను చూసినట్టు చూసింది. జాతకమూ లేదు, నా మొహమూ లేదు. అలాంటి పాముల కడుపులో ఏం లెక్క నడుస్తుందో కనిపెట్టి ఉండటమే ఒకప్పుడు నా ఉద్యోగం.

మేడ్చల్ రోడ్డు ఇంకా ఇంత వెడల్పు కాని రోజులు మన తరం వాళ్ళకు గుర్తుండే ఉంటాయి. ఆ రోడ్డు మీదే, ఒక టైర్ల దుకాణం పైన రెండు గదుల్లో, కంప్యూటర్ ఆటలు చేసే చిన్న కంపెనీ ఉండేది. చదువు కాగానే అందులో చేరాను. చుట్టాలెవరడిగినా మా అమ్మ, కంప్యూటర్ల పని అని చెప్పి మాట మార్చేసేది. పిల్ల రోజంతా రాక్షసులకు విషం నూరి పోస్తుందని చెబితే సంబంధాలు వస్తాయా మరి!

నేను చేసేది అదే పని. కథానాయకుడికి విషం ఎక్కడం, నిద్ర కమ్మడం, రాయిలా బిగుసుకుపోవడం, వీటన్నిటినీ మా ఆఫీసులో స్టేటస్ ఎఫెక్టులు అనేవాళ్ళు. ఏది ఎన్నిసార్లు తగలాలో తేల్చేది నేను. రాక్షసి ఊదే విషగాలికి నూటికి ముప్పై అని పెట్టాను. అది ఊదినప్పుడల్లా యంత్రం ఒకటి నుంచి వంద లోపు తోచిన అంకె తీస్తుంది. ముప్పై లోపు వస్తే విషం ఎక్కి వంతువంతుకూ ప్రాణం తరుగుతుంది, దాటితే బతికిపోయినట్టే. తాయెత్తు కడితే ఆ ముప్పై పదికి దిగుతుంది గానీ సున్నా మాత్రం కాదు. ఇంత చిన్న లెక్కలో భయం, ఆశ, మొక్కుకోవడం అన్నీ ఇమిడిపోవడం చూసి, అబ్బ, ఏం చెప్పను, మొదటి రోజు నాకు ఒళ్ళు గగుర్పొడిచింది.

నాకంత గగుర్పాటు ఎందుకంటే అది నాకు తెలిసిన లెక్కే. శామీర్‌పేట దగ్గర మాకు ద్రాక్షతోట ఉండేది. రాతి కడీల మీద తీగల పందిరి, దాని కింద నడుస్తుంటే మార్చి ఎండల్లో కూడా చల్లగా ఉండేది, అనాబ్‌షాహి గుత్తులు తలకు తగిలేవి. అక్టోబరులో కొమ్మలు కత్తిరిస్తే నెల తిరిగేసరికి పూత వస్తుంది. ఆ పూత మీద నాలుగు రోజులు ముసురు పట్టిందా, బూజు తెగులు అంటుకుని తోటంతా మాడిపోతుంది. మందు కొడితే ముప్పు తగ్గుతుంది, అంతేగానీ పోదు. అందుకే మా నాయిన పూతకు వేలు చూపించనిచ్చేవాడు కాదు. చూపించాలంటే వేలు మడిచి, కణుపుతో చూపించాలి. లేకపోతే పూత రాలిపోతుందని ఆయన గట్టి నమ్మకం.

నేను ఉద్యోగంలో చేరేనాటికి వరుసగా రెండేళ్ళు ముసురు పట్టి పంట పోయింది. ఇంకొక్క ఏడు చూస్తా, ఇదీ పోతే తోట పీకేస్తానని నాయిన అందరి ముందూ అనేశాడు. ఆ ఏడే, కత్తిరింపులు ముగిసే రోజున పందిరి మీంచి జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. పిండికట్టుతో మంచం మీద పడి ఉన్న మనిషి, కొమ్మలు చిగురిస్తున్నాయా లేదా అని గంటకోసారి అమ్మను తోటకు తరిమేవాడు. ఆ పోరు పడలేక ఆఫీసు కంప్యూటర్ ఒకటి ఇంటికి తెచ్చి మా ఆట పెట్టిచ్చాను. విడుదలకు ముందు బయటివాళ్ళ చేత ఆడించి చూడటం మాకు ఎలాగూ అలవాటే.

మూడో రోజు ఆఫీసు నుంచి వచ్చేసరికి నాయిన అగ్గి మీద గుగ్గిలం అవుతున్నాడు.

"గిదేంది బిడ్డా! మూడుసార్లు ఊదింది, మూడుసార్లు నాకే ఎక్కింది. దొంగాట!"

యంత్రానికి పాత సంగతులు గుర్తుండవు నాయినా, ఊదిన ప్రతిసారీ కొత్త లెక్కే, రెండుసార్లు ఎక్కింది కాబట్టి మూడోసారి వదిలేయాలని దానికి తెలియదు అని నా చదువంతా ఒలకబోశాను. ఆయన వినడే! నాకూ ఉక్రోషం వచ్చింది. రెండేళ్ళు నీ తోటను ముంచిన మబ్బును ఏనాడైనా దొంగ అన్నావా, నా రాక్షసిని ఎందుకంటున్నావని అడిగేశాను. ఆయన పిండికట్టు కాలు సర్దుకుని నా వైపు తిరిగాడు.

"మబ్బుకు ఎవల యాది ఉండదు, గది నాకెర్కనే. గని మబ్బును మనిషి జెయ్యలే. గీ రాక్షసిని నువ్వు జేసినవ్. నువ్వు జేసినదాంట్ల గింత దయ లేకుంటె ఎట్ల బిడ్డా?"

మర్నాడు రాక్షసికి జ్ఞాపకం పెట్టాను. విషం తప్పిన ప్రతిసారీ ఎక్కే అవకాశం కొంచెం పెరుగుతుంది, ఎక్కితే తగ్గుతుంది, వరుసగా రెండుసార్లు ఎక్కితే మూడోసారి ఎక్కనే ఎక్కదు. మొత్తం మీద చూస్తే మళ్ళీ ఆ ముప్పై దగ్గరికే వస్తుంది. విచిత్రం ఏమిటంటే, అంతవరకూ మోసం మోసం అని గోల పెట్టిన ఆఫీసువాళ్ళంతా ఇప్పుడు లెక్క నిజాయితీగా ఉందన్నారు. నిజమైన లెక్కను దొంగ అన్నారు, నేను చెయ్యి పెట్టి వంచిన లెక్కను న్యాయం అన్నారు. మనిషి మనసు ఎంత చిత్రమైనదో అనుకుంటే ఇప్పటికీ నాకు అబ్బురమే. నాయిన మాత్రం తెర మీద తన వీరుణ్ణి వేలు మడిచి కణుపుతో నాకు చూపించాడు.

నవంబరులో పూత విరగబూసింది. కట్టు విప్పేశారు. నాయిన కర్ర పట్టుకుని తోటకు వెళ్ళొచ్చి, పూత మస్తుగున్నదని ఇంటిల్లిపాదికీ చెప్పాడు. ఆ వారంలోనే ముసురు పట్టింది. మందు కొట్టించాడు, వాన కడిగేసింది, మళ్ళీ కొట్టించాడు. నేను కిటికీ దగ్గర నిలబడి, రెండుసార్లు ముంచావు కదా, ఇక వదిలెయ్, ఇక వదిలెయ్ అని ఆకాశాన్ని బతిమాలాను. మబ్బుకు గుర్తుండదని నాయినకు పాఠం చెప్పిన మనిషినే నేను! వాన వెలిసేసరికి పూతంతా తెల్లటి బూజు.

నాయిన తోట చూసి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నేరుగా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. వెనక నిలబడి చూస్తున్నాను. రాక్షసి ఊదింది, ఎక్కింది. ఊదింది, ఎక్కింది. మూడోసారి ఊదితే విషం పక్కనుంచి పోయింది. నాయిన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడనుకుని ముందుకు వంగితే, ఏడుస్తున్నాడు.

"దీనికైతె యాదున్నది" అన్నాడు.

ఆ చలికాలంలోనే తోట పీకేశారు. ఇప్పుడు అక్కడ ఒకేలాంటి విల్లాలు, గేటు దగ్గర పేరు రాసుకుంటే గానీ లోపలికి పోనివ్వరు. మేడ్చల్ ద్రాక్ష అంటే మా అమ్మాయికి తెలియదు. నేను పనిచేసిన కంపెనీ లేదు, ఆ ఆట ఆడే యంత్రాలూ లేవు, నాయినా లేడు. కానీ ఎవరెవరో, ఎక్కడెక్కడో, ఎవరి మాట మీదో తమ రాక్షసులకూ పాములకూ ఇంత జ్ఞాపకం పెట్టుకున్నారు కాబోలు. పిల్లలు ఆడుకునే ఫోనుల్లో ఆ దయ ఇంకా ఉంది. పైన మబ్బు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

ఇదంతా చెప్పడం మొదలుపెట్టేలోపే మా అమ్మాయి ఫోనులో వీరుడి వైపు చాచిన నా చేతి వంక చూసి, అమ్మా, వేలు అలా మడిచి చూపిస్తున్నావేంటి, నొప్పిగా ఉందా అని అడిగింది. లేదమ్మా అన్నాను. వాడికింకా ప్రాణం ఉంది కదా, అందుకని.