రెండు మలుపులు వెనక్కి

మా సరంగు పోయారన్న కబురు ఆయన కోడలు తెచ్చింది. వారానికి రెండుసార్లు చేపల గంపతో మా వీధిలోకి వచ్చే మనిషి. ఆ రోజు గుమ్మంలో అలికిడి విని, నేను లోపలి నుంచే "పులస తెచ్చావా?" అని కేకేశాను. బయటికి వచ్చి చూస్తే చేతిలో గంపే లేదు. "మా మావగారు ఎల్లిపోయారండి. మీకు తప్పకుండా చెప్పమన్నారండి" అంది. పులస కోసం కేక పెట్టిన నా నోటిని ఏం చేసుకోవాలో తెలియలేదు.

ఆయన బెస్తవారు. రాజమండ్రి రేవులో పడవ నడిపే సరంగు. గోదావరి మీద ఎదురెక్కి, దారిలోని లంకలన్నీ చూపిస్తూ, పట్టిసంలో వీరభద్రుడి దర్శనం చేయించి, పాపికొండల మధ్య నుంచి భద్రాచలం దాకా జనాన్ని తీసుకువెళ్ళి తిరిగి రేవుకు చేర్చడం ఆయన పని. పోనూ రానూ పది పన్నెండు రోజుల ప్రయాణం. నేను ఆ పడవ ఎక్కింది ఒక్కసారే. ఆ తరువాత ఎన్ని ఊళ్ళు తిరిగినా నా ప్రాణం ఆ పడవలోనే ఉండిపోయింది.

ఆ ప్రయాణం మా అమ్మ కోసం. అమ్మ పుట్టింది లంకలో, మెట్టింది లంకలో. వరి చేలూ, అరటి తోటలూ, చుట్టూ నీళ్ళూ తప్ప వేరే ఎరగదు. అరవై ఏళ్ళు వచ్చినా కొండ అన్నది కంటితో చూడలేదు. "ఒక్కసారి ఆ పాపికొండలు చూపించరా" అని అడిగేది. నేను ఒక ఏడు ఊడ్పులన్నాను, ఒక ఏడు కోతలన్నాను, ఇంకో ఏడు ఇంటి కప్పు నేయించాలన్నాను. ఈలోగా అమ్మ చూపు మసకబారింది. ముందు సూదిలో దారం ఎక్కించడం మానేసింది. తరువాత మనిషిని గొంతు బట్టి పోల్చుకోవడం మొదలుపెట్టింది. అప్పుడు నాకు కంగారు పుట్టింది. శివరాత్రి వెళ్ళగానే పడవ మొత్తం మాట్లాడుకుని, అమ్మనూ నా భార్యనూ తీసుకుని బయలుదేరాను.

నాకు ఓపిక తక్కువ. మొదటి పూటే "ఎప్పటికి చేరతాం?" అని నాలుగుసార్లు అడిగాను. సరంగు చుక్కాని వదలకుండా, "గోదారి మీద ఆ మాట అడక్కూడదండి బాబుగారూ. ఎదరున్న మలుపు సూసుకోండి, సాలు" అన్నారు. ఐదోసారి అడగబోతే మా ఆవిడ నా చెయ్యి గిల్లింది.

ఆయనకో అలవాటు ఉండేది. కొండను వేలుపెట్టి చూపించేవారు కాదు. వేలు చూపితే కొండమీది దేవతకు కోపం వస్తుందని అరచెయ్యి వెల్లకిలా చాపేవారు, పెద్దలకు పీట చూపించినట్టు. దారిలో వచ్చిన ప్రతి లంకనూ అమ్మకు పేరుపేరునా చెప్పారు. ఏ లంకలో పొగాకు బాగా పండుతుందో, ఏది పోయిన వరదకు సగం కోసుకుపోయిందో, ఏ ఇసుక మేట కొత్తగా లేచిందో అన్నీ చెప్పేవారు. సాయంత్రం మేట మీద పడవ ఆపి వంట చేసుకునేవాళ్ళం. ఆయన వండిన చేపల పులుసు లొట్టలేస్తూ తిని, అమ్మ "నా కోడలికి కూడా కాస్త నేర్పు నాయనా" అంది. మా ఆవిడ ఆ మాటను ఇప్పటికీ మరిచిపోలేదు.

పోలవరం దాటాక గాలి పడిపోయింది. కొండల సందులో పడవకు గాలే దిక్కు. ఒక పూటంతా తెరచాప వాలిపోయి ఉంది. తీరా గాలి లేచి పాపికొండల మధ్యకు చేరేసరికి చీకట్లు ముసిరాయి. అమ్మ పడవ అంచు పట్టుకుని అటూ ఇటూ తల తిప్పుతూ కూర్చుంది. "వచ్చేశాయా?" అని మాత్రం అడిగింది.

తెల్లారి లేచేసరికి పడవ కిందికి సాగుతోంది. "ఇదేంటి, వెనక్కి పోతున్నాం?" అని అరిచాను. "రెండు మలుపులు దిగుతున్నామండి. అమ్మగారు ఎల్తురులో సూడాలి కదండీ. మళ్ళీ ఎక్కుదాం" అన్నారు సరంగు. ఎదురెక్కడం ఎంత కష్టమో అప్పటికే చూసినవాణ్ణి గనుక నోరు మూసుకున్నాను. ఎండ పరుచుకున్నాక పడవ నెమ్మదిగా మళ్ళీ కొండల మధ్యకు వచ్చింది. అమ్మ రెండు చేతులూ జోడించి, "కనబడ్డాయిరా! ఎంత పచ్చగా ఉన్నాయో, మన చేలు లేచి నిలబడ్డట్టున్నాయి" అంది. నాకు ఏడుపు వచ్చింది. చేసిన ఆలస్యమంతా ఆ మాటతో తీరిపోయిందనుకున్నాను.

రెండేళ్ళకు అమ్మ పోయింది. చూసే పోయింది కదా అన్న తృప్తితోనే ఇన్నాళ్ళూ బతికాను. కనబడ్డవాడికల్లా ఆ కథ చెప్పాను.

పోయిన వేసవిలో సరంగుకు జబ్బుగా ఉందంటే చూడటానికి వెళ్ళాను. మంచం పక్కన కూర్చుని ఆయనకూ అదే కథ చెప్పాను. ఆయన సాంతం విని, "అమ్మగారికి కనపళ్ళేదండి బాబుగారూ" అన్నారు.

నేను తెల్లబోయాను.

"పాల్గుణంలో కొండలు పచ్చగా ఉంటాయాండీ? ఆకంతా రాలిపోయి మోళ్ళయి ఉన్నాయి. మీరు సంబరంలో పట్టించుకోలేదు. మీరిద్దరూ స్నానాలకి దిగినప్పుడు, నిజంగా కనపడ్డాయా అని నేనడిగేశానండి. 'మావాడికి చెప్పకు నాయనా, ఆలస్యం చేశానని కుమిలిపోతాడు. నేనున్నన్నాళ్ళూ చెప్పకు' అన్నారండి. అమ్మగారు పోయాక మీ మొకం సూసి నేనే చెప్పలేకపోయాను. ఇప్పుడు నేను కూడా ఎల్లిపోతే, ఆయమ్మ మీ కోసం ఏం చేసిందో మీకు చెప్పేవోడుండడు."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు స్నానం చేసి వస్తే పడవ బల్లల మీద తడి తాళ్ళు వంకర టింకరగా పరిచి ఉన్నాయి. అమ్మ కాలికి అడ్డం పడతాయని నేను విసుక్కుంటే, ఆయన వెంటనే చుట్టేశారు. ఆ తాళ్ళెందుకని ఇన్నేళ్ళకు ఆ మంచం పక్కన అడిగాను. రెండు గట్లకూ గుర్తుగా అటూ ఇటూ రెండు తాళ్ళు వేసి, ఎక్కడెక్కడ కొండ లేస్తుందో అక్కడ ముడులు వేసి, అమ్మకు గోదావరిని చూపించానన్నారు.

అమ్మ వంగి కూర్చుని పోలవరం నుంచి మొదలుపెట్టి ఒక్కో ముడీ తడుముకుంటూ పైకి వెళ్ళిందట. రెండు తాళ్ళూ బాగా దగ్గరైన చోట వేలు ఆపి, "ఇక్కడేముంది నాయనా?" అని అడిగిందట.

"ఇక్కడ మనమున్నామండి" అన్నారట సరంగు.

మా అడుగుల చప్పుడు వినబడేదాకా అమ్మ ఆ వేలు అక్కడి నుంచి తియ్యలేదట.